తొమ్మిదో ప్రశ్న దగ్గర ఖాళీ

మనుషులకు సంబంధించిన పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ముందు నా పరిశోధన గురించి చెప్పడం పూర్తయ్యాక, చివరి కుర్చీలో ఉన్న ఒక రిటైర్డ్ టీచర్ గారు చెయ్యెత్తారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో వైద్యులతోపాటు చట్టం తెలిసినవాళ్లు, మామూలు జనం తరఫున మాట్లాడేవాళ్లు కూడా ఉండాలి. ఆయన వచ్చింది ఆ చివరి హోదాలో. "అమ్మా, ఎవరో ఒకావిడ చచ్చిపోవాలనిపిస్తోందని ఫారంలో చెప్పింది. దాన్ని నువ్వు ఆర్నెల్ల తర్వాత కంప్యూటర్‌లో చూస్తావు. అప్పుడేం చేస్తావు?" అని అడిగారు. పేర్లు తీసేసిన డేటా కాబట్టి ఆవిడ ఎవరో నాకు తెలిసే వీలుండదని చెప్పాను. "తెలియకపోతే సరిపోతుందా?" అన్నారు. ఆ రోజు అనుమతి రాలేదు.

నాది కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ. ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీకి వచ్చేవాళ్ల రికార్డుల నుంచి డిప్రెషన్ తీవ్రతను అంచనా వేసే మోడల్ తయారు చెయ్యాలన్నది మొదట్లో అనుకున్న అంశం. ఆ రికార్డులకు వెన్నెముక పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. 2001లో వచ్చిన ఈ ఫారాన్ని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. గత రెండు వారాల్లో నిద్ర ఎలా పట్టింది, ఆకలి ఎలా ఉంది, దేని మీదైనా ఆసక్తి ఉందా అని అడుగుతూ వెళ్లి, తొమ్మిదో ప్రశ్నలో చనిపోతే బాగుండునని గానీ, తనను తాను గాయపరచుకోవాలని గానీ అనిపించిందా అని అడుగుతుంది. మొత్తం 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మధ్యస్థ స్థాయి డిప్రెషన్ ఉండొచ్చని డాక్టర్లు జాగ్రత్త పడతారు.

రెండోసారి కమిటీ ముందుకు వెళ్లేసరికి మా గైడ్ సార్, విభాగంలోని డాక్టర్ మేడమ్, నేను కూర్చుని పద్ధతి మార్చాం. పాత రికార్డుల విషయంలో మేడమే కేస్‌షీట్లు తిరగేసి చూస్తారు. కొత్తగా నింపే ప్రతి ఫారంలో తొమ్మిదో ప్రశ్నను అదే రోజు, మనిషి ఇంటికి వెళ్లకముందే సిస్టర్ చూస్తారు. 0 కాకపోతే డాక్టర్ దగ్గరికి పంపుతారు. ఫారం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అచ్చు వేయించాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 23వ సెక్షన్ రోగి వివరాల గోప్యతను హక్కుగా చెబుతుంది. అందుకని పేర్లున్న ఫైలు ఆసుపత్రి గడప దాటకూడదన్నారు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు ఆ రికార్డులను కలిపే ప్రోగ్రాం నేను రాసిచ్చాను. అది వాళ్ల కంప్యూటర్‌లోనే నడిచింది. పేరు బదులు బయటికి వచ్చింది ఒక నంబరు మాత్రమే.

ఆ కలపడమే పెద్ద పని. వచ్చిన ప్రతిసారీ కొత్త ఓపీ చీటీ, కొత్త నంబరు. ఒక వెంకటలక్ష్మి గారు ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా ఉంటారు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి అసలే ఉండదు. వయసు చాలామందికి ఉజ్జాయింపుగా చెప్పిన 35, 40, 45. ఇక తేదీలు. రోజు 12 లోపు ఉన్న చోటల్లా ఎక్సెల్ రోజునూ నెలనూ తారుమారు చేసి పెట్టింది. ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయింది. దాంతో కొందరు రెండోసారి వచ్చిన తేదీ మొదటిసారి కంటే ముందు పడింది. ఇవన్నీ సరిచెయ్యడానికి ఏడాది పట్టింది. అంత కాలం ఎందుకు పట్టిందని అడిగినవాళ్లందరికీ నేను ఈ తేదీల కథే చెప్పాను. కానీ నన్ను అసలు ఆపేసినవి ఖాళీ గడులు.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. ఏ ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ వరుస మొత్తం తీసేశాను. మిగిలిన శుభ్రమైన డేటా మీద మోడల్ చాలా బాగా పనిచేసింది. సంతోషంగా మేడమ్‌కి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "ఈ ఫారం మేం అందరికీ ఇవ్వమమ్మా, డిప్రెషన్ అని అనుమానం వచ్చినవాళ్లకే ఇస్తాం" అన్నారు. అంటే నా మోడల్ రోగి మనసును చదవలేదు. డాక్టర్ అప్పటికే పడ్డ అనుమానాన్ని చదివింది. అది విన్నాక బుగ్గలు వేడెక్కాయి. "నువ్వు ఓపీలో ఎప్పుడైనా కూర్చున్నావా?" అని అడిగారు సార్. కూర్చోలేదు.

కమిటీ అనుమతితో నలభై రోజులు ఓపీలో ఒక మూల స్టూలు మీద కూర్చున్నాను. వచ్చినవాళ్లెవరినీ ఏమీ అడగకూడదు, ఎవరి పేరూ రాసుకోకూడదు. సిస్టర్ ప్రశ్నలు చదివి వినిపిస్తుంటే చూడటమే పని.

ఒకమ్మాయి ఎనిమిది ప్రశ్నలకీ తల వంచుకునే జవాబు చెప్పింది. పక్కనే అత్తగారు. తొమ్మిదో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి సిస్టర్ ఫారం మడిచి, "సరేలే అమ్మా, వెళ్లి లోపల కూర్చో" అన్నారు. తర్వాత అడిగితే, "ఆవిడ ముందు ఆ మాట ఎట్లా అడుగుతానమ్మా? ఇంటికెళ్లాక ఆ పిల్లని బతకనిస్తారా?" అన్నారు. ఇంకో రోజు ఒక పెద్దాయన నాలుగో ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. గొంతులోంచి మాట రావడం లేదు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. ఆయన ఫారంలో ఆరు గడులు ఖాళీ. ఆరోజు ఓపీలో అందరికంటే ఎక్కువ బాధలో ఉన్నది ఆయనే అని నాకనిపించింది. నా శుభ్రమైన డేటాలో ఆయన ఉండరు. ఆ అమ్మాయీ ఉండదు.

1976లో డొనాల్డ్ రూబిన్ అనే గణాంక శాస్త్రవేత్త డేటాలో ఖాళీలు ఎలా ఏర్పడతాయో వర్గీకరించారు. కొన్ని ఖాళీలు యాదృచ్ఛికం. కొన్నిటికి కారణాన్ని మన దగ్గరున్న మిగతా వివరాల నుంచి పట్టుకోవచ్చు. ఇంకొన్ని, ఆ గడిలో ఉండాల్సిన జవాబు వల్లనే ఖాళీ అవుతాయి. ఈ మూడో రకాన్ని నేను పరీక్షల కోసం బట్టీపట్టాను. దాని ముఖం చూసింది ఆ స్టూలు మీద. పైగా ఎక్సెల్‌లో కూడినప్పుడు ఖాళీ గడి లెక్కలోకి రాదు, 0 ఉన్నట్టే అవుతుంది. ఎనిమిది ప్రశ్నలకు 9 వచ్చి తొమ్మిదోది ఖాళీగా ఉన్న మనిషి మొత్తం 9గానే నిలిచి, 10 గీత కింద ఉండిపోతారు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎటు తేలేదో ఎవరికి తెలుసు?

మరో సంగతి కూడా అక్కడే బయటపడింది. బీరువాలో రెండు అచ్చుల ఫారాలున్నాయి. 1 మార్కు జవాబును ఒక అచ్చులో 'కొన్ని రోజులు' అని తెలుగు చేశారు, ఇంకో అచ్చులో 'చాలా రోజులు' అని. దాని పక్కనే 2 మార్కులకు 'సగం కంటే ఎక్కువ రోజులు'. మన చెవికి 'చాలా రోజులు' అంటే సగం కంటే ఎక్కువే. రెండో అచ్చు చేతికొచ్చినవాళ్లలో ఎక్కువ బాధ ఉన్నవాళ్లు కూడా 'చాలా రోజులు' దగ్గరే ఆగి 1 తెచ్చుకుంటున్నారు. కంప్యూటర్‌లో ఆ రెండు అచ్చులూ ఒకే నిలువు వరుస. ఏ ఫారం ఏ అచ్చుదో తేల్చుకోవడానికి పాత కట్టలన్నీ విప్పి ఒక్కొక్కటిగా చూశాను.

ఆ కట్టలతో గడిపిన రాత్రులు నన్ను కూడా తినేశాయి. పేర్లు కొట్టేసి ఉన్నా చేతిరాతలు ఉంటాయి. మార్జిన్‌లో 'పిల్లల కోసం' అని ఎవరో రాసిన రెండు మాటలు వారం రోజులు నాకు నిద్ర పట్టనివ్వలేదు. సంగతి గమనించింది సిస్టరే. ఆవిడ చెబితే మేడమ్ నన్ను పిలిచి గంటసేపు మాట్లాడారు, రాత్రిపూట ఫారాలు ముట్టుకోవద్దని కట్టడి చేశారు. ఇలాంటి డేటా మీద పని చేయబోయే పిల్లలకు యూనివర్సిటీలు ముందే ఈ ఏర్పాటు చేసి ఉంచాలి. నాకు మంచి మనుషులు దొరికారు కాబట్టి గడిచింది.

అంశం మార్చుకుంటానని సార్‌తో చెప్పాను. అంచనా వేసే మోడల్ కాదు, ఖాళీలే నా థీసిస్ అన్నాను. కొత్త అల్గారిథం లేదని ఒక జర్నల్, ఒకే ఆసుపత్రి డేటా అని ఇంకొకటి తిప్పి పంపాయి. రెండో అభ్యంతరం న్యాయమైనదే. మూడోచోట తీసుకున్నారు. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ అడిగిన మొదటి ప్రశ్న కూడా అల్గారిథం గురించే. నేను ఆ పెద్దాయన ఫారం నమూనాను, ఆరు ఖాళీ గడులతో, తెర మీద వేశాను. కాసేపు ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయి, తర్వాతి ప్రశ్న ఖాళీల గురించి అడిగారు.

ఇప్పుడు ఆ ఓపీలో ఒకే అచ్చు ఫారం. అడుగున రెండు కొత్త గడులున్నాయి. అడిగేటప్పుడు పక్కన ఎవరున్నారు, జవాబు లేకపోతే ఎందుకు లేదు. ఆ రెండూ సిస్టర్ ఆలోచనే, థీసిస్‌లో అలాగే రాశాను. వైవా అయ్యాక స్వీట్లు పట్టుకుని వెళ్తే ఆవిడ బల్ల మీద ఆ రోజు ఫారం ఒకటి కనబడింది. మొదటి గడిలో 'అత్తగారు' అని రాసి ఉంది. రెండో గడిలో 'బయట కూర్చోబెట్టి మళ్లీ అడగాలి' అని ఉంది. స్వీట్ల డబ్బా బల్ల మీద పెట్టమని సైగ చేసి, ఆవిడ ఆ ఫారం తీసుకుని వరండాలోకి వెళ్లారు.