పిచి-పిచి: నాలుగో వాయికి కుదిరింది

మనీలాకి చదువు కోసం వచ్చి రెండేళ్లు. ఇంటి నుంచి మోసుకొచ్చిన ఇడ్లీ పాత్రలో ఈ నెలంతా ఇడ్లీ కన్నా పిచి-పిచి ఎక్కువ ఉడికింది. పేరు చెబితే అమ్మ ఫోన్లో పడీపడీ నవ్వింది. ఇది ఇక్కడి తీపి వంటకం: కర్రపెండలం తురుము, పంచదార, నీళ్లు కలిపి ఆవిరి మీద ఉడికించి పచ్చికొబ్బరిలో దొర్లిస్తారు. జెల్లీకీ హల్వాకీ మధ్యలో ఉంటుంది. ఇక్కడ కర్రపెండలాన్ని 'కామోటెంగ్ కాహోయ్' అంటారు. కామోటె అంటే చిలగడదుంప, కాహోయ్ అంటే కర్ర. మనకీ కర్రే కనిపించింది, వీళ్లకీ కర్రే కనిపించింది!

మొదటి వాయి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఈ పిండి నీళ్లలా జారుగా ఉంటుంది, నా ఇడ్లీ రేకులకేమో చిల్లులున్నాయి. సగం కిందికి కారిపోయింది. బజారులో చిన్న పుటో (ఇక్కడి ఆవిరి బియ్యప్పిండి కేకు) గిన్నెలు డజను కొన్నాను.

రెండోసారి చేదు పోవాలని తురుముని గుడ్డలో గట్టిగా పిండి ఆ నీళ్లు పారబోశాను. అడుగున పేరుకునే తెల్లటి పిండి కూడా దాంతోపాటే పోయింది. ఉడికాక ఒకదానికొకటి అంటుకోకుండా పొడిపొడిగా రాలింది. నీళ్లని పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైతేట వంచేసి, అడుగుపిండి మళ్లీ తురుములో కలపాలట.

మూడో వాయి మర్చిపోలేను. దీనికి సాగుడు రావాలంటే 'లిహియా' అనే క్షారపు నీళ్లు వేయాలి, చిన్న సీసాల్లో అమ్ముతారు. బజారు పిచి-పిచి పసుపుపచ్చగా ఉంటుంది కదా, రంగు కొనడమెందుకని చిటికెడు పసుపు వేశాను. లిహియా పడగానే గిన్నె మొత్తం ఎర్రబారింది. అచ్చం దిష్టి నీళ్లు! పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, అయినా తట్టలేదు. పైగా లిహియా చెంచాడు పోశాను. రుచి సబ్బు నాకినట్టుంది. మా ఇంటి ఓనరమ్మ టీటా (ఇక్కడ ఆంటీ అన్నట్టు) చూసి, "పెళ్లికా?" అని అడిగింది.

నిన్నటి కొలత ఇదీ: పిండిన తురుము రెండు కప్పులు (అడుగుపిండితో కలిపి), పంచదార ఒక కప్పు, పాండన్ ఆకు మరిగించి చల్లార్చిన నీళ్లు రెండు కప్పులు, లిహియా అర చెంచా మాత్రమే. పాండన్ వాసన బాస్మతి అన్నాన్ని గుర్తుచేస్తుంది. దుంపకి పైనున్న గోధుమరంగు తొక్కతోపాటు లోపలి మందపాటి పొరా తీసేయాలి, మధ్య ఈనె లాగేయాలి. పచ్చి దుంప నుంచి సయనైడ్ పుడుతుంది కాబట్టి ఉడకని పిండి రుచి చూడకండి. మూతకి గుడ్డ కట్టి, మధ్యలో కూడా పారదర్శకంగా కనిపించేదాకా ఉంచాను. నా చిన్న గిన్నెలకి నలభై నిమిషాలు పట్టింది.

వేడిమీద తీస్తే చిరిగిపోతుంది. పూర్తిగా చల్లారనిచ్చి, తడి చెంచాతో అంచు వదిలించి కొబ్బరిలో దొర్లించాను. కొబ్బరి సాయంత్రానికే పులుస్తోంది, అందుకే ఈసారి దాన్నీ ఐదు నిమిషాలు ఆవిరి పట్టాను.

టీటా రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని, పైన చీజ్ తురుము ఏదని అడిగింది. ఇక్కడ అలాగే తింటారు చాలామంది. వచ్చే ఆదివారం సగానికి కొబ్బరి, సగానికి చీజ్. చీజ్ సగం నేను తినను.