నా పాత ఫోర్డ్ డీజిల్‌కి ఇన్‌టేక్ ఎంచుకున్న వైనం

నా బండి 2002 ఫోర్డ్ ఎఫ్-250. 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు. కొత్తప్పుడు 250 హార్స్‌పవర్, 505 పౌండ్-అడుగుల టార్క్. ఇప్పటి పికప్‌ల ముందు ఇవి చిన్న అంకెలే గానీ, సెంట్రల్ టెక్సాస్‌లో మేం కొనుక్కున్న నేల దగ్గర మేకలకి మేత మోయడానికి, ట్రైలర్ లాగడానికి ఇంతకన్నా అక్కర్లేదు. చిక్కల్లా రోడ్డుతోనే. హైవే దిగిన దగ్గర నుంచి మా గేటు దాకా కలీచీ రోడ్డు, అంటే సున్నపు మట్టి పరిచిన తెల్ల రోడ్డు. ముందు ఇంకో బండి పోతుంటే ఆ దుమ్ములో దాని వెనక లైట్లు కూడా కనపడవు.

బండి నా చేతికి వచ్చేటప్పటికే పాత ఓనరు ఇన్‌టేక్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, ఉండే కంపెనీ ఫిల్టర్ బాక్స్ తీసేసి, శంకువు ఆకారంలో ఉండే, నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ పెట్టించుకున్నాడు. పెడల్ తొక్కితే టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే రెక్కల చక్రం) ఈల చక్కగా వినపడేది. నిజం చెప్పొద్దూ, ఆ ఈల నాకూ నచ్చింది. అది పాతబడింది కదా, ఇంకా మంచిది, ఇంకా ఎక్కువ గాలి ఇచ్చేది ఏదైనా కొందామని వెతకడం మొదలుపెట్టాను. అమ్మేవాళ్లందరూ చెప్పేది గాలి గురించే. ఇంత శాతం ఎక్కువ గాలి, ఇన్ని హార్స్‌పవర్లు ఎక్కువ.

ఆ వెతుకులాటని వేరే దారి పట్టించింది మా నాన్న. ప్రకాశం జిల్లాలో ఆయనకి పాత మాసీ ట్రాక్టర్ ఉండేది. దానికి ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్, అంటే గాలిలో దుమ్ముని గిన్నెలోని ఆయిల్‌తో పట్టి ఆపే రకం. దుక్కి రోజుల్లో సాయంత్రం ఇంటికి రాగానే కింది గిన్నె విప్పి, అడుగున పేరుకున్న మట్టి బురద తీసి, డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ పోసేవారు. ఫోన్‌లో నేను హార్స్‌పవర్ల లెక్కలు చెబుతుంటే కాసేపు విని, "అదంతా సరేరా, ఫిల్టర్ దాటాక గొట్టంలో వేలు పెట్టి చూశావా?" అన్నారు.

ఆ శనివారమే హుడ్ ఎత్తి, ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య గొట్టం విప్పి వేలితో తుడిచాను. వేలికి తెల్లటి పొడి అంటింది. ఉండకూడని చోట కలీచీ.

అప్పుడు పట్టుకుంది అసలు టెన్షన్. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 2000 చుట్ల దగ్గర, బూస్ట్ లేకుండా చూసినా సుమారు 7,300 లీటర్లు. బరువు లాగేటప్పుడు టర్బో నొక్కి పంపేది దానికి అదనం. అంత గాలితో పాటు వెళ్లే సన్నటి రాతి పొడి ముందు టర్బో అల్యూమినియం రెక్కల అంచుల్ని అరగదీస్తుంది, తర్వాత పిస్టన్ రింగుల్నీ సిలిండర్ గోడల్నీ పడుతుంది. టార్చి వేసి రెక్కలు చూశాను. అంచుల పదును కాస్త తగ్గినట్టుంది గానీ విరగలేదు. టర్బో షాఫ్ట్ పట్టుకుని కదిపితే పెద్దగా ఊగడం లేదు. ఇంజిన్ ఆయిల్ శాంపిల్ ఒకటి ల్యాబ్‌కి పంపాను. రిపోర్టులో సిలికాన్ మామూలు కన్నా ఎక్కువ ఉందని వచ్చింది. మట్టి లోపలికి పోతే ఆయిల్‌లో పెరిగేది అదే. కొత్తగా సీలెంట్ వాడి ఉంటే దాని నుంచి కూడా సిలికాన్ ఆయిల్‌లోకి వస్తుంది. నా బండికి ఈ మధ్య అలాంటి పనేమీ జరగలేదు. కాబట్టి మట్టే.

ఇక ఎంపిక కొలమానం మారిపోయింది. ఫిల్టర్లని ల్యాబ్‌లో ఐఎస్‌ఓ 5011 పద్ధతిలో పరీక్షిస్తారు: ఎంత దుమ్ము ఆపింది, గాలికి ఎంత అడ్డు పడింది, నిండే లోపు ఎంత దుమ్ము పట్టుకుంది. ఇందులో చూసేవాళ్లు మోసపోయేది మొదటి అంకె దగ్గర. ఒకటి 99 శాతం, ఇంకోటి 97 శాతం ఆపుతుంది అనుకోండి. పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఇంజిన్‌లోకి పోయేది మిగతాది కదా. అటు ఒక పాలు, ఇటు మూడు పాళ్లు. మూడింతల మట్టి! తారు రోడ్డు మీద తిరిగే బండికి అది పట్టించుకోవాల్సిన సంగతి కాకపోవచ్చు, నాకు మాత్రం అదే మొత్తం సంగతి.

గాలి ఎక్కువైతే పవర్ పెరుగుతుందన్న మాట కూడా ఈ ఇంజిన్ విషయంలో సగమే నిజం. డీజిల్‌లో బలాన్ని నిర్ణయించేది ఎంత ఇంధనం చిమ్ముతున్నామన్నది. ట్యూనింగ్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగు) మార్చి ఇంధనం పెంచినవాళ్లకి గాలీ కావాలి, లేకపోతే నల్ల పొగ, ఎగ్జాస్ట్ వేడి. నా బండిలో ట్యూనింగ్ కంపెనీదే. శుభ్రమైన ఫిల్టర్ ఏదైనా దానికి సరిపడా గాలి ఇస్తుంది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి, ఈ 7.3 వాళ్లందరికీ తెలిసిన 6637 నంబర్ ఫిల్టర్. పెద్ద పేపర్ ఫిల్టర్, చవక, ఏ నాపా విడిభాగాల షాపులో అయినా దొరుకుతుంది. దుమ్ము బాగా ఆపుతుంది. కానీ పెట్టె ఉండదు, హుడ్ కింద వేడి గాలినే పీలుస్తుంది. పది డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే గాలి మూడు శాతం పల్చబడుతుంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కొంత సర్దుతుంది అనుకోండి, అయినా టెక్సాస్ ఆగస్టులో ట్రైలర్ లాగేటప్పుడు నాకది ఇష్టం లేదు. రెండోది, దుమ్ము పనులకి ఫోర్డే ఇచ్చిన ఏఐఎస్ అనే మూసిన బాక్స్. లోపల డోనాల్డ్‌సన్ పవర్‌కోర్ రకం ఫిల్టర్, మూత గట్టిగా బిగుసుకుంటుంది. పాత పికప్‌లు విప్పి అమ్మే ఒక యార్డులో పగుళ్లు లేని బాక్స్ దొరికింది. బేరమాడి తెచ్చి, ఫిల్టర్ మాత్రం కొత్తది వేశాను.

కాలిఫోర్నియాలో ఉండే మా కజిన్ కూడా ఇలాంటి బండి కొంటానంటున్నాడు. వాడికి ఒకటే చెప్పాను. అక్కడ ఇన్‌టేక్ మారిస్తే దాని మీద కార్బ్ (ఆ రాష్ట్ర గాలి కాలుష్య బోర్డు) ఇచ్చిన ఈఓ అనే అనుమతి నంబర్ ఉండాలి, లేకపోతే స్మాగ్ చెక్ అనే పొగ పరీక్ష దగ్గరే ఆపేస్తారు. 1998 నుంచి వచ్చిన డీజిల్ పికప్‌లకి కూడా అక్కడ ఆ చెక్ ఉంది. ముందు నంబర్ చూసుకో, తర్వాత డబ్బు కట్టు అన్నాను.

బిగించే పనిలో బాక్స్ కన్నా గొట్టాల దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఒక చిన్న హోస్ ద్వారా టర్బో ముందున్న గొట్టంలో కలుస్తుంది. ఆ అతుకు దగ్గర రబ్బరు గట్టిపడి, నెర్రెలిచ్చి ఉంది. ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా, దాని తర్వాత ఇలాంటి సందు ఒక్కటి ఉంటే దుమ్ము అక్కడి నుంచే లోపలికి పోతుంది. ఆ రబ్బరు మార్చి, పెద్ద గొట్టానికి స్క్రూ క్లాంపులు తీసేసి, ఇంకా గట్టిగా బిగుసుకునే టీ-బోల్ట్ క్లాంపులు వేశాను.

తర్వాత ఫిల్టర్ దాటాక గొట్టం లోపల పల్చగా గ్రీజు రాశాను. ఎక్కడ లీకు ఉంటే అక్కడ దుమ్ము గ్రీజుకి అంటుకుంటుంది. కొన్నాళ్లు కలీచీ రోడ్డు మీదే తిప్పి విప్పితే, ఒక అతుకు పక్కన సన్నటి తెల్ల గీత కనపడింది. ఆ క్లాంపు వదులు చేసి, గొట్టం సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ బిగించాను. మళ్లీ తిప్పి విప్పి చూస్తే, ఈసారి గ్రీజు రాసినట్టే శుభ్రంగా ఉంది.

ఆ తర్వాతి ఆయిల్ మార్పుకి మళ్లీ శాంపిల్ పంపితే సిలికాన్ బాగా తగ్గి వచ్చింది. మైలేజీ మారలేదు, బలం మారలేదు, ఈల కూడా దాదాపు పోయింది. పక్క ర్యాంచ్ పెద్దాయన ఫిల్టర్ చూసి, మురికిగా ఉంది మార్చెయ్యమన్నాడు. మార్చను. దుమ్ము కాస్త పట్టాక పేపర్ ఫిల్టర్ ఇంకా బాగా ఆపుతుంది, మాటిమాటికీ తీస్తేనే మట్టి లోపల రాలే ప్రమాదం. బాక్స్ మీద గాలి అడ్డు చూపించే చిన్న మీటరు ఉంది. కొత్త ఫిల్టర్ ఒకటి తెప్పించి షెడ్‌లో పెట్టాను, మీటరులో గుర్తు ఎర్ర గీత దగ్గరికి వచ్చాక వేస్తాను.