నాన్న బరువు తగ్గలేదు, కండ తగ్గింది

నాన్నకి 74. పోయినేడు చికున్‌గున్యా వచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. జ్వరం పోయింది, కీళ్ళనొప్పులూ చాలావరకు సర్దుకున్నాయి. కానీ కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సిందే. ఆవకాయ సీసా మూత తిప్పలేక అమ్మ చేతికిచ్చేవాడు. బరువు చూస్తే అదే 68 కిలోలు. "బరువు తగ్గలేదుగా, ఇంకేంటి" అని కొట్టిపారేసింది నేనే.

ఫిజియోథెరపిస్ట్‌కి అనుమానం వచ్చి తొడ కండరానికి అల్ట్రాసౌండ్ చేయించమన్నారు. ఇంటిదగ్గర స్కానింగ్ సెంటర్లో అడిగితే "కడుపుకి కాదా?" అన్నారు. అప్పుడే వెనక్కి రావాల్సింది. మోకాలి కింద దిండు పెట్టి, ప్రోబ్ (ఒంటికి ఆనించి చూసే స్కానింగ్ పరికరం) గట్టిగా అదిమి, రెండు నిమిషాల్లో కండ మందం 19 మిల్లీమీటర్లని రాసిచ్చారు. అది పట్టుకుని వృద్ధుల క్లినిక్‌కి వెళ్తే డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, "తొడ మీద ఎక్కడ కొలిచారో రాయలేదే. మళ్ళీ చేద్దాం" అన్నారు. డబ్బులు దండగయ్యాయని కాసేపు మండింది.

ఆవిడ ముందు మెషిన్ జోలికే పోలేదు. చేతిలో గ్రిప్ మీటర్ పెట్టి పిండమన్నారు: 21 కిలోలు. మన ఆసియా లెక్కల్లో మగవాళ్ళకి 28 కంటే తక్కువైతే బలం తగ్గినట్టే. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంటే నాన్నకి 17 సెకన్లు పట్టింది. 12 దాటితేనే ఆలోచించాలట.

తర్వాత పది నిమిషాలు వెల్లకిలా, కాళ్ళు చాపి పడుకోబెట్టారు. నిలబడినప్పుడు కాళ్ళలోకి దిగిన నీరు సర్దుకోవాలిట. తుంటి ఎముక ముందు బొడిపె నుంచి మోకాలిచిప్ప పైఅంచు దాకా టేపు పట్టారు, 44 సెంటీమీటర్లు. సరిగ్గా 22 దగ్గర పెన్నుతో గీత. జెల్ చల్లగా ఉందని నాన్న ఉలిక్కిపడ్డాడు. దాన్ని గుట్టగా పోసి, ప్రోబ్‌ని చర్మం మీద తేలినట్టు ఉంచి, "నా చేతి బరువు కూడా కండ మీద పడకూడదు బాబాయ్ గారూ, నొక్కితే సన్నగా కనిపిస్తుంది" అన్నారు. 19 ఎలా వచ్చిందో అప్పుడర్థమైంది.

తెర మీద పైన చర్మం, దాని కింద కొవ్వు పొర, అట్టడుగున తెల్లటి గీతలా తొడ ఎముక. మధ్యలోది కండ. ఆరోగ్యంగా ఉంటే అది నల్లగా, సన్నటి తెల్ల చారలతో ఉంటుందని ఇంకో బొమ్మ పక్కన పెట్టి చూపించారు. నాన్నది మొత్తం బూడిద చల్లినట్టుంది. కండ నారల మధ్య కొవ్వు, పీచు చేరితే అలా తెల్లబడుతుందిట. పొట్ట పెరిగి, కాళ్ళు తరిగి, కాటా మీద లెక్క సరిపోయిందన్నమాట!

మూడుసార్లు కొలిచి సగటు తీస్తే 26 మిల్లీమీటర్లు. దాన్ని బీఎంఐతో (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క), అంటే నాన్న విషయంలో 25తో, భాగిస్తే 1.04. మగవాళ్ళకి 1.4 ఉండాలి. "ఈ ఒక్క స్కాన్‌తోనే తేల్చను. బలమూ తక్కువే, కండా తక్కువే, అందుకే సార్కోపీనియా, అంటే కండా బలమూ తరిగిపోయే జబ్బు, అంటున్నాను" అన్నారు. ఒంటి మొత్తానికీ కండ కొలవాలంటే డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్ ఉంది. కానీ ఈ అల్ట్రాసౌండ్‌కి రేడియేషన్ లేదు, మంచం దగ్గరే చేయొచ్చు, ఎన్నిసార్లైనా చేయొచ్చు.

కిడ్నీ పరీక్ష బాగుందని చూశాక ప్రొటీన్ పెంచమన్నారు, రోజుకి కిలో బరువుకి గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా. రాత్రిపూట ఉత్త మజ్జిగన్నంతో సరిపెట్టే మనిషికి రెండు గుడ్లు తినిపించడం ఒక యుద్ధం. కుర్చీలోంచి లేచి కూర్చోవడం పూటకి పదేసిసార్లు. అది మాత్రం టీవీ ముందే కానిచ్చేవాడు.

మూడు నెలలకి తొడ కండ మందం 28 మిల్లీమీటర్లు వచ్చింది. నేను ఎగిరి గంతేయబోతే, రెండు మిల్లీమీటర్ల తేడా కొలతలోనే రావచ్చు, మురిసిపోవద్దన్నారు డాక్టరమ్మ. కుర్చీ పరీక్ష మాత్రం 13 సెకన్లకి దిగింది. వచ్చేసారి కూడా అదే చోట కొలవాలని '44లో సగం 22, కుడి తొడ' అని చీటీ రాసిచ్చారు. ఫైల్లో మొదటి కాగితం ఇప్పుడదే.