ర్యాజ్ టేబుల్ దగ్గర బెదిరింపులు దండగ

వేగాస్‌లో 4-8 డాలర్ల (మొదట పందెం 4, తర్వాత 8) ర్యాజ్ టేబుల్ దొరికింది. ర్యాజ్ అంటే పోకర్ పేకాటే, కానీ అంతా తలకిందులు. ఏడు ముక్కల్లో అతి చిన్న ఐదు ఎవరివైతే వాళ్లదే గెలుపు. ఆసు అన్నిటికంటే చిన్నది. వరసలు, ఒకే రంగు ముక్కలు అసలు లెక్కలోకే రావు.

మొదట తెరిచిన ముక్క చిన్నదై, మిగిలినవాళ్ల ముందు రాజులూ రాణులూ ఉంటే, లోపల (మూసి ఉన్న ముక్కల్లో) ఏమున్నా పందెం పెంచి, ఆట మొదట్లో అందరూ వేసిన యాంటీ డబ్బు కొట్టేయమని అనుభవజ్ఞులు చెప్తారు. చిల్లర టేబుల్‌లో ఇది పారదు. పక్కాయన రాణి పెట్టుకుని కూడా "చూద్దాం" అంటూ అంతే పందెం వేసి కాల్ చేస్తాడు! భయపడనివాడిని బెదిరించి ఏం లాభం? అందుకే మొదటి మూడూ ఎనిమిది లోపు, జోడీ లేకుండా వస్తేనే దిగాను.

ఒక ఆటలో నాకు లోపల ఆసు, ఐదు. బయట మూడు, ఏడు, ఎనిమిది. ఆయన ముందు ఆరు, జాకీ, తొమ్మిది. అంటే లోపల ఏమున్నా అప్పటికి ఆయనది జాకీ కంటే మెరుగు కాదు, నాది ఎనిమిదే పెద్ద ముక్కగా ఐదూ పూర్తయ్యాయి. ఐదో ముక్క నుంచి పందెం రెట్టింపు కాబట్టి అక్కడా వేశాను, ఆరోదానికీ వేశాను. రెండుసార్లూ కాల్ చేసి, చివరికి తొమ్మిది పెద్ద ముక్కగా ఉన్న ఐదు చూపించి ఓడిపోయాడు.

రమ్మీ అలవాటు బాగా పనికొచ్చింది, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం. నా దగ్గరున్న మూడు, ఐదు ఎదుటివాళ్ల ముందు కనిపిస్తే నాకు పండగే, జోడీ పడే భయం తగ్గుతుంది. నాకు కావాల్సిన రెండు, నాలుగు అక్కడ కనిపిస్తే మాత్రం చేయి వెనక్కి లాగుతుంది.