ఎదురుగా నిలబడిన మనిషి

నా షాట్ మొదలయ్యేలోపు ఆవిడ వెళ్లిపోతారనే అనుకున్నాను. అమెరికాలో తీస్తున్న ఆ సిరీస్‌లో ఆవిడదే ప్రధాన పాత్ర. నాది మందుల షాపులో ఫార్మసిస్టు వేషం, ఉన్నవి రెండే డైలాగులు. ఆవిడ వైపు షాట్లన్నీ అయిపోయాయి, రాత్రి పదకొండు దాటింది. అయినా కెమెరా పక్కన ఆ ఇరుకులోనే నిలబడి, తను కనిపించని షాట్‌కి కూడా ప్రతి టేక్‌లో కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నాకు ఎదురు డైలాగులు చెప్పారు.

అప్పట్నుంచీ అదే మనసులో తిరుగుతోంది. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉన్నప్పుడు పెద్ద నటుల పక్కన చిన్నాచితకా వేషాలు వేశాను. వాళ్ల క్లోజప్ అవగానే క్యారవాన్‌లోకి వెళ్లిపోయేవారు, నేను లైట్ స్టాండు వైపు చూస్తూ మాట్లాడేవాణ్ణి, అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ ఇచ్చేవాడు. అది పొగరు అంటే మాత్రం ఒప్పుకోను. మన దగ్గర చాలా సినిమాలకి గొంతు తర్వాత డబ్బింగ్‌లో పడుతుంది కాబట్టి సెట్‌లో మాట ఎవరు అందించినా నడిచిపోతుంది. ఇక్కడ అమెరికాలో చాలావరకు ఆ క్షణంలో మైకులో పడిందే ఉంచుతారు. పైగా నిద్రాహారాలు లేకుండా తిరిగే ఆ అసిస్టెంట్లలో నా డైలాగు నాకంటే బాగా చెప్పి చూపించినవాళ్లున్నారు, వాళ్లని ఎలా తక్కువ చేస్తాను?

ఇక్కడిదాకా రావడం కూడా తేలిగ్గా అవలేదు. హెచ్1బీ వీసా మీద ఉన్నన్నాళ్లు కంపెనీ ఉద్యోగం తప్ప ఇంకో పనికి డబ్బు తీసుకోకూడదు, గ్రీన్ కార్డు వచ్చాకే ఆడిషన్లు. అట్లాంటాలో ఉండటం కలిసొచ్చింది. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రం 2008 నుంచి షూటింగ్ ఖర్చు మీద 20 శాతం, రాష్ట్రం లోగో వేస్తే మరో 10 శాతం పన్ను రాయితీ ఇస్తోంది, అందుకే ఇన్ని షూటింగులు ఇటు వస్తున్నాయి. కాస్త నిలదొక్కుకుంటున్నాను అనుకునేసరికి 2023లో నటుల సమ్మె, 118 రోజులు. ఆడిషన్ అంటే ఎక్కువగా సెల్ఫ్ టేపే, అంటే ఇంట్లో మనమే తీసుకుని పంపే వీడియో. గోడకి నీలం దుప్పటి కట్టి, ఫోను ఇస్త్రీ బల్ల మీద నిలబెడతాను. ఎదురు డైలాగులు మా ఆవిడ చదువుతుంది, హంతకుడి డైలాగైనా సరే పాప లేవకుండా మెల్లగా.

సెట్‌లో పలికిన మాటే ఉంచే సింక్ సౌండ్‌తో తీసే సినిమాలు మన దగ్గరా ఉన్నాయి కదా. అక్కడైనా మన పెద్ద నటులు ఓ పది నిమిషాలు ఆగి కొత్తవాడి క్లోజప్‌కి ఎదురుగా నిలబడితే బావుంటుంది. కాల్షీటు ఖర్చు పెరుగుతుందని నిర్మాత గొణుగుతాడు, తెలుసు. అయినా అడుగుతున్నాను.