ఐదో తీగ నుంచి ఎనిమిది తీగలకు: పాలకొల్లు మేడగదిలో బాస్ పని

మే 9

కాలువలు కట్టేశారు. దాళ్వా మాసూళ్లు అయిపోయాయి కాబట్టి డ్రమ్స్ వాయించే మా బాబాయి కొడుక్కి ఇక సార్వా నారుమళ్ల దాకా తీరికే. మేం సొంతంగా కట్టుకున్న మూడు రాక్ పాటలను ఈ ఏడు ఎలాగైనా రికార్డు చేయాలని నలుగురం కూర్చున్నాం. చోటు పాలకొల్లులో మా మేడ మీద గది, పొడవు 12 అడుగులు, వెడల్పు 10. బాస్ నాది. ఏ కొలతతో ఏం చేశానో ఇక్కడ రాసుకుంటూ వెళ్తాను. ఇటువైపు బాస్ వాయించే ఇంకొకరికి పనికొస్తే సంతోషం.

ఇన్నాళ్లూ నాది నాలుగు తీగల బాసే. మా గిటారిస్టు ఏడు తీగల గిటార్ కొన్నాక ఇబ్బంది మొదలైంది. అతని మందపాటి తీగ బి, 61.7 హెర్ట్జ్. నా ఎ తీగ మెడ మీది రెండో మెట్టు, అంటే రెండో ఫ్రెట్‌లో పలికేది కూడా సరిగ్గా అదే స్వరం. గిటార్‌కు ఒక స్థాయి (ఆక్టేవ్) కింద నిలబడాల్సిన బాస్ దాని పక్కనే నిలబడితే పాటకు నేల ఉండదు. 1990లో ఐబానెజ్ ఏడు తీగల గిటార్ తెచ్చింది. 1994లో అమెరికా బ్యాండ్ కోర్న్ మొదటి ఆల్బమ్ ఆ గిటార్లతోనే వచ్చింది, దానిలో వాళ్ల బాసిస్టు ఫీల్డీ పట్టుకున్నది ఐదు తీగల బాస్. వాళ్ల దారే మాకూ దారి అనుకుని విజయవాడలో ఒకరి దగ్గర వాడిన ఐదు తీగల బాస్ కొన్నాను. స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాలు, ఐదో తీగ బి, 30.87 హెర్ట్జ్.

మే 17

బి తీగకు ప్రాణం లేదు. కొడితే "దబ్" అంటుంది గానీ స్వరం నిలవదు. విప్పి చూస్తే నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడి ఇరుకుగా ఉంది. నేను వేసిన తీగ మందం 0.130 అంగుళం. ఆ గాడిలో తీగ అడుగుకు దిగకుండా అంచుల మీదే కూర్చుంటోంది. సన్నని ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీశాను. ప్రతి నాలుగు రుద్దులకూ తీగ పెట్టి చూడటం ముఖ్యం, ఒకసారి లోతు ఎక్కువైతే నట్ మార్చడమే.

తర్వాత శ్రుతి. ఖాళీ తీగ సరిగ్గా ఉన్నా పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం హెచ్చుతోంది. బి సాడిల్‌ను (బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే దిమ్మను) వెనక్కి, దాదాపు చివరిదాకా జరిపాక దారికొచ్చింది. ఈ తీగ మీద బిగువు సుమారు 16 కిలోలు, పక్కన ఇ తీగ మీద 18. ఆ తేడా వేలికి బాగా తెలుస్తుంది. అందుకే బి తీగను బ్రిడ్జ్‌కు దగ్గరగా మీటుతున్నాను. అక్కడ తీగ గట్టిగా ఉంటుంది, స్వరం మొదలు కూడా స్పష్టంగా వస్తుంది.

చేతికి కొత్త పాఠం బొటనవేలిది. పై తీగలు వాయిస్తున్నంతసేపూ బి దానంతట అదే మోగుతుంటుంది. ఇ, ఎ వాయించేటప్పుడు బొటనవేలు బి మీదే ఆన్చాలి. డి, జి దగ్గరికి వెళ్లినప్పుడు ఇ మీదికి దించి, పక్కవాటంతో బి కూడా ఆపాలి. రోజుకు ఇరవై నిమిషాలు ఇదొక్కటే సాధన.

మే 30

ఈ గదిలో ఎఫ్ షార్ప్, ఎ స్వరాలు మాత్రం గోడలు దద్దరిల్లేలా వస్తున్నాయి, మిగతావి మామూలుగా ఉన్నాయి. బాస్ తప్పేమో అనుకుని రెండు రోజులు దాన్ని సవరిస్తూ కూర్చున్నాను. తప్పు గదిది. 12 అడుగుల గోడల మధ్య నిలిచే అల 47 హెర్ట్జ్, 10 అడుగుల మధ్య 56. ఎఫ్ షార్ప్ 46.2, ఎ 55. లెక్క అతికినట్టు సరిపోయింది. ఇక బి స్వరం అల పొడవు 11 మీటర్లు. ఆ మూల స్వరాన్ని ఈ గది నాకు సరిగ్గా వినిపించలేదు.

చించినాడ వంతెన దాటి రాజోలు వైపు వెళ్లి పది గోనె సంచుల కొబ్బరి పీచు తెచ్చాం. నాలుగు మూలల్లో నేల నుంచి పైకప్పు దాకా పేర్చాం. గదిలో చప్పట్లు కొడితే వచ్చే గణగణ పోయింది, గొంతు రికార్డింగ్‌కు బాగా ఉపయోగపడింది. 47 హెర్ట్జ్ మోత మాత్రం కొంచెమే తగ్గింది. అంత పొడుగు అలను ఆపాలంటే మీటరు పైన మందం కావాలి, మా గదికి అది కుదరదు. కాబట్టి బాస్ నేరుగా కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్‌లోకే ఎక్కిస్తున్నాను, వినడం హెడ్‌ఫోన్లలో.

జూన్ 8

హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత. ఇ తీగ మూడో ఫ్రెట్‌లో జి పట్టుకుంటే స్వరం సెకనుకోసారి ఊగుతోంది. ఆ జి 49 హెర్ట్జ్, కరెంటు 50. రెండింటికీ ఒకటి తేడా, అందుకే సెకనుకు ఒక ఊపు. మా వెనక చెరువుల్లో ఏరియేటర్లు తిరిగే రాత్రి వేళ ఇంకా ఎక్కువ.

తీగల మీద చెయ్యి తీస్తే హమ్ పెరుగుతోంది, వేస్తే తగ్గుతోంది. ఒకరోజు తీగ తాకితే సన్నగా జివ్వుమంది కూడా. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే మూడో పిన్నుకు ఎర్త్ వైరే లేదు. ఇల్లు కట్టినప్పుడు సాకెట్టు పెట్టి వదిలేశారు. దొడ్లో గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి ఎర్తింగ్ చేయించాం. మన నేల ఎప్పుడూ తేమగానే ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా అందుతుంది. హమ్ చాలావరకు పోయింది. టేక్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే మిగిలిందీ పోయింది. తీగ తాకితే జివ్వుమంటే మాత్రం ఎవరూ వాయించడం కొనసాగించకండి. ముందు ఎర్త్ చూపించుకోండి.

జూన్ 21

మొదటి పాట బాస్ అయిపోయింది. హెడ్‌ఫోన్లలో బి స్వరం పొట్టలో తగులుతోంది. అదే పాట ఫోన్‌లో పెడితే బాస్ ఎక్కడుందో తెలియలేదు. మా బావ ఆటోలో పెట్టినా అంతే. డ్రమ్స్, గిటార్, గొంతు ఉన్నాయి, నేను లేను.

చిన్న స్పీకర్ 30 హెర్ట్జ్ పలికించలేదు. అయినా దాని పై స్వరాలు, అంటే 62, 93, 124 ఇలా పైకి వెళ్లేవి బలంగా అందితే మన చెవి మూల స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. తంబూరాలో మంద్ర షడ్జం వింటున్నామనిపిస్తుంది గానీ మనల్ని పట్టుకునేది జవారీ (తీగ ఆనే వంపు మెట్టు) మీద పూసే పై స్వరాలే. నా బి తీగకు ఆ పూత లేదు. ఆ తీగ లోతు పెంచింది గానీ వినికిడి పెంచలేదు.

అప్పుడు రికార్డులు వరసపెట్టి, ఈసారి ఫోన్ స్పీకర్‌లోనే విన్నాను. ఫోన్‌లో కూడా బాస్ నిలబడ్డ చోటల్లా తీగలు జంటలుగానో మూడేసిగానో ఉన్నాయి. 1976లో లెడ్ జెప్పెలిన్ ప్రెజెన్స్ ఆల్బమ్ మొదటి పాటలో జాన్ పాల్ జోన్స్ వాయించింది ఎనిమిది తీగల అలెంబిక్ బాస్, అదీ మీటే బిళ్ల, అంటే పిక్‌తో. పది నిమిషాల పాటలో గుర్రం పరుగులాంటి ఆ బాస్ ఎక్కడా గిటార్ల కింద నలగదు. 1991లో పెర్ల్ జామ్ మొదటి ఆల్బమ్‌లో 'జెరెమీ' ఆరంభం జెఫ్ ఏమెంట్ పన్నెండు తీగల బాస్‌దే. ఆ పన్నెండు తీగల బాస్‌ను 1970లలో హామర్ కంపెనీ దగ్గర చెప్పి చేయించుకున్నది అమెరికా బ్యాండ్ చీప్ ట్రిక్‌లోని టామ్ పీటర్సన్. ఎనిమిది తీగల దానిలో ప్రతి మందపు తీగ పక్కనా ఒక స్థాయి పైన ఒక సన్న తీగ ఉంటుంది, పన్నెండు దానిలో రెండేసి. లోతు నాలుగు తీగల బాస్‌దే. పెరిగింది పైన.

ఇంకో సంగతి నన్ను ఆపేసింది. 1965లో ఫెండర్ ఐదు తీగల బాస్ తెచ్చినప్పుడు ఆ ఐదో తీగను కింద కాదు, పైన వేసింది, హై సి. కింది బి తర్వాతి కాలపు ఆలోచన. 1975లో బాసిస్టు ఆంథనీ జాక్సన్ కోసం వాద్యాలు తయారుచేసే కార్ల్ థాంప్సన్ చేసిన ఆరు తీగల బాస్‌లో కింద బి, పైన సి రెండూ ఉన్నాయి. ఎక్కువ తీగలంటే ఎక్కువ లోతు అని నేను ఒక్కటే అనుకుంటూ వచ్చాను.

జులై 5

నా పాత నాలుగు తీగల బాస్‌ను ఎనిమిది తీగలకు మార్చడానికి కూర్చున్నాను. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు.

ముందు తీగల లెక్క. ఒక స్థాయి పైకి వెళ్తే కంపనం రెట్టింపు. మందం సగం చేస్తే బరువు నాలుగో వంతు. కాబట్టి సగం మందమున్న తీగను ఒక స్థాయి పైకి బిగిస్తే బిగువు దాదాపు అంతే వస్తుంది. అలా చేస్తే మెడ మీద భారం ఏకంగా రెట్టింపు, పాత మెడకు అది వద్దు. సగం కంటే సన్నవి కావాలి. మామూలు గిటార్ 10-46 సెట్టులో మందపాటివి నాలుగూ ఇ, ఎ, డి, జి. బాస్‌కు సరిగ్గా ఒక స్థాయి పైన! 0.046, 0.036, 0.026, 0.017. నా బాస్ తీగలు 0.105, 0.085, 0.065, 0.045. లెక్క వేస్తే బాస్ సెట్టు బిగువు సుమారు 80 కిలోలు, ఈ సన్నవి కలిపి మరో 55. మొత్తం 135. శ్రుతి ఒక పూర్తి మెట్టు దించితే, అంటే డి, జి, సి, ఎఫ్ చేస్తే 107కు వస్తుంది. మా గాయకుడికి కూడా ఆ శ్రుతే హాయి. రెండో, మూడో పాటలు అలాగే అనుకున్నాం, గిటార్ కూడా దించుతాం.

గిటార్ తీగ పొడవు కొలిచి కొనండి. నా అమరికకు కనీసం 38 అంగుళాలు కావాల్సి వచ్చింది. మొదట తెచ్చిన సెట్టు చాలలేదు.

జులై 19

మా వీధి వడ్రంగి మావయ్యతో రెండు ఆదివారాలు.

సన్న తీగల ట్యూనర్లు (తీగ బిగించే చెవులు) తల వైపు పెడితే చోటు లేదు, పైగా మెడ కిందికి వాలిపోతుంది. అందుకని బాస్ వెనక అంచుకు టేకు ముక్క ఒకటి నాలుగు మరలతో బిగించి, దానికి నాలుగు గిటార్ ట్యూనర్లు పెట్టాం. తీగ గుండు తల వైపు, నట్ వెనక ఇత్తడి రేకులో చిక్కుకుంటుంది. బ్రిడ్జ్ వెనక పలకలో 2 మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగు. జంట తీగలు రెండూ ఒకే సాడిల్ మీద కూర్చుంటాయి, సన్నదానికి వేరే గాడి.

జంటల మధ్య దూరం అన్నిటికంటే సున్నితమైన పని. ఎముక నట్ కొత్తది తీసుకుని, మధ్య నుంచి మధ్యకు ఇ జంటకు 4.5 మిల్లీమీటర్లు, జి జంటకు 4 పెట్టాను. దగ్గరైతే మందపు తీగ ఊగి సన్నదాన్ని కొడుతుంది. దూరమైతే ఒకే వేలు రెండింటినీ నొక్కలేదు. సన్న తీగను నా ముఖం వైపు పెట్టాను. పిక్ కిందికి కొట్టినప్పుడు ముందు సన్నది, వెంటనే మందపుది పలుకుతాయి, స్వరం మొదలు మెరిసినట్టు వస్తుంది.

ఒకే సాడిల్ కాబట్టి రాజీ తప్పదు. మందపుదానికి సరిచేస్తే సన్నది పై ఫ్రెట్లలో కొంచెం తగ్గుతోంది. ఏడో ఫ్రెట్ దాటితే నాకే కష్టంగా వినిపిస్తోంది. అందుకే ఈ బాస్ మీద ఏడు దాటకూడదని నియమం పెట్టుకున్నాను. తీగలన్నీ ఎక్కించాక మెడ ముందుకు వంగింది. ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) పావు చుట్టు తిప్పి, ఒక రాత్రి ఆగి, మళ్లీ పావు. ఏడో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు మందం సందు మిగిలింది. ఒకేసారి అరచుట్టు తిప్పవద్దు.

మొదట డి, జి తీగలకే జంటలు వేసి చూశాను, మెడకు భారం తక్కువ కదా అని. ఇ మీది నుంచి డి మీదికి రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే వరస) ఎక్కేసరికి ఉన్నట్టుండి వేరే వాద్యం మొదలైనట్టుంది. నాలుగింటికీ వేయాల్సిందే.

ఆగస్టు 16

గోదావరికి వరద. మా గాయకుడిది యలమంచిలి వైపు లంక, వారం రోజులుగా రాలేదు. వాళ్లింట్లో అందరూ క్షేమం. ఆ వారంలో బాస్ ఒక్కటే చేశాను.

శ్రుతి చేసే వరస: మందపుది ముందు, తర్వాత సన్నది. రెండూ కలిపి మీటి ఊపు పూర్తిగా ఆగేదాకా. స్థాయి జంటకు డిస్టార్షన్ (స్వరాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) వేస్తే గలీజు కాదు, కానీ శ్రుతి వెంట్రుక వాసి తప్పినా డిస్టార్షన్ దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. ప్రతి టేక్‌కూ ముందు శ్రుతి చూపించే ట్యూనర్. దించిన శ్రుతిలో నా ఖాళీ ఎ తీగే ఇప్పుడు 49 హెర్ట్జ్ జి. ఎర్తింగ్ ముందే చేయించి ఉండకపోతే ఈ రెండు పాటలూ ఊగుతూనే ఉండేవి.

ఒక్క టేక్‌ను రెండు ట్రాకులు చేస్తున్నాను. ఒకదానిలో 250 హెర్ట్జ్ కింద మాత్రమే ఉంచి, డిస్టార్షన్ లేకుండా, కంప్రెసర్ (చప్పుడు హెచ్చుతగ్గులను సర్దేది) 4:1. రెండోదానిలో 250 పైన మాత్రమే, డిస్టార్షన్‌తో. రెండోదాన్ని గిటార్లు నిండుగా ఉన్నచోట కొంచెం పెంచుతాను, గొంతు వచ్చినప్పుడు తగ్గిస్తాను. 30 హెర్ట్జ్ కింద అంతా కోసేశాను. పిక్ 1 మిల్లీమీటరుది. 0.73ది సన్న తీగనే గీకి వదిలేస్తోంది.

నరసాపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి సన్న తీగలు పది రోజుల్లో తుప్పు చుక్కలు తేలాయి. వాయించాక పొడిగుడ్డతో తీగ కింది వైపు కూడా తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో పెట్టాక రెండో సెట్టు ఇప్పటిదాకా ఆగింది.

సెప్టెంబరు 14

రెండో పాట మిక్స్ ఫోన్‌లో పెట్టాను. బాస్ వినిపించింది. ఆటోలో పెట్టాం, బావ స్టీరింగ్ మీద వేళ్లతో నా రిఫ్‌నే కొట్టాడు, డ్రమ్స్‌ను కాదు. వీధి చవితి పందిట్లో పిల్లల్ని అడిగి, పెద్ద బాక్సుల్లో ఒకసారి పెట్టించాను. కింద బరువు అలాగే ఉంది, పైన మెరుపూ ఉంది.

ఐదు తీగల బాస్ అమ్మను. మొదటి పాటకు ఆ లోతు కావాలి. ఇ స్వరాన్ని బి తీగ ఐదో ఫ్రెట్‌లో వాయిస్తే ఖాళీ ఇ కంటే ముద్దగా, బరువుగా వస్తుంది. నెమ్మది రిఫ్‌లకు అది చాలా బాగుంది. అయితే దానికి కూడా పై పూత వేయాలి. పల్లవిలో బాస్ వరసనే పాత బాస్ సన్న తీగల మీద మళ్లీ వాయించి, 250 కింద కోసి కలుపుతున్నాను. నిన్నటికి రెండు పల్లవులు అయ్యాయి. మూడోదానిలో నాలుగో గతి దగ్గర రెండు వాయింపులూ ఇంకా ఒక్క క్షణం తేడాగా పడుతున్నాయి. రేపు సాయంత్రం మళ్లీ చేస్తాను.