కల్యమాకు చెట్టు మీది పిల్ల పురుగులకు మొదటి మేత: నా అనుభవం

హన్మకొండల మా డాబా మీద కుండీల కల్యమాకు చెట్టున్నది. మొన్న చిగుర్ల మీద ఆవగింజంత లేత పసుపు గుడ్లు కనపడ్డయి, ఒక్కో దగ్గర ఒక్కటే. నిమ్మ సీతాకోకచిలుకవి. మన దిక్కు నిమ్మ, బత్తాయి, మారేడు, కల్యమాకు లాంటివాటి మీదనే పెడ్తది. ఆరు గుడ్లు ఆకులతోనే తెంపి డబ్బాల పెట్టిన.

నాలుగో రోజు పొద్దున ఒకటి బయటికొచ్చింది, నల్లగ, నూలుపోగు ముక్కంత. ఆకు దిక్కే చూడలే, తను వచ్చిన గుడ్డు పెంకునే అంచు పట్టుకొని కొరుక్కుంట తిన్నది. అదే దాని మొదటి తిండి. చెత్త అనుకొని పెంకు తీసెయ్యకుండ్రి.

అసలు గోస మిగిలిన గుడ్లు గూడ పగిలినంక. మా చెట్టు చిగుర్లు అత్తమ్మ చారు పోపుకు తెంపేసింది, ముదురాకు ఈ పసి నోర్లకు తెగది. బజార్ల కట్ట కొని మంచిగ కడిగే వేసిన. సాయంత్రానికి మూడు పిల్లలు మెత్తబడి ఆకు మీదికెళ్లి రాలిపోయినయి. ఆ ఆకు మీది మందే, నాకు అనుమానం లేదు. ఏడుపొచ్చింది.

మిగిలిన మూడిటిని పట్టుకొని ఒక నర్సరీకి పోయి, మందు కొట్టని చిగురు మొక్క కావాలె, గొంగళి పురుగులకు అన్న. "అందరు పురుగులు చావనీకి మందు అడుగుతరు, నువ్వు సాదనీకి మొక్క అడుగుతున్నవా అక్కా" అని కొనెటోళ్లందరి ముందట గట్టిగ నవ్విండు, వాళ్లు గూడ నవ్విన్రు, నేను డబ్బా కొంగు కింద దాచుకున్న. మందు ముట్టలేదని ఒట్టేసి మొక్క అమ్మిండు. ఇంటికొచ్చి ఆకు తిరగేస్తే వెనక తెల్లటి మందు చారలు. మళ్ల పోయి అడిగితే నీళ్ల మరకలట! పురుగంటే చులకన ఉంటే ఉండనీ, అడిగినదానికి నిజం చెప్పాలె గద, అట్లాంటోళ్ల దగ్గర తినే ఆకు మొక్క కొననే కొనొద్దు.

చివరికి మా వెనక గల్లీల పెద్దమ్మ పెరట్ల ముసలి చెట్టు దిక్కయింది. "దీనికి ఎన్నడు మందు కొట్టలే, తెంపుకో బిడ్డా" అన్నది, ఆ చెట్టు మీద గూడ పురుగులున్నయి, గదే గ్యారంటీ.

పిల్ల పురుగుల్ని చేత్తో లేపొద్దు. కొత్త చిగురు పాతాకుకు ఆనిచ్చి పెడితే అదే ఎక్కుతది. డబ్బాల నీటి చుక్క ఉండొద్దు, అంటుకుంటయి. ఒకనాడు ఒకటి తినుడు బంద్ చేసి కదలకుండ కూసుంటే సచ్చిపోయిందని పారెయ్యబోయిన, తెల్లారి చూస్తే కుబుసం విడిచి మళ్ల మేస్తున్నది.

ఇన్ని రోజులు పిట్ట రెట్ట లెక్క కనపడ్డయి, ఇయ్యాల ఒకటి పచ్చగైంది. మా బిడ్డ వేలు పెడితే తల కాడ నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొట్టింది. కాసేపటికి లోపలికి మడుచుకొని, పెద్దమ్మ ఇచ్చిన ఆకు అంచు మీదికి మళ్ల వంగింది.